రేపటి దుస్తులు - నేటి కొలతలు

నాటకాన్ని సమీక్షించేటప్పుడు మన విమర్శకులు ఆంగిక, వాచిక, సాత్త్వికాల గురించి పేజీలు నింపుతారు. నాలుగోదైన ఆహార్యం దగ్గరికి వచ్చేసరికి వేషధారణ సందర్భోచితంగా ఉందని ఒక్క వాక్యం రాసి ముగిస్తారు. భరతుడు అభినయంలో భాగంగా లెక్కించినదాన్ని మనం దర్జీకి వదిలేశాం. పౌరాణికాల విషయంలో ఈ నిర్లక్ష్యం కొంతవరకు చెల్లుతుంది. అక్కడ కిరీటానికీ భుజకీర్తులకీ స్థిరపడ్డ సంప్రదాయం ఉంది. ఇంకా రాని కాలాన్ని చూపించే వైజ్ఞానిక కల్పనలో మాత్రం చెల్లదు. అక్కడ పాత్ర నోరు విప్పకముందే దుస్తులు మాట్లాడతాయి. ఆ సమాజంలో ఆజ్ఞాపించేదెవరు, చాకిరీ చేసేదెవరు, స్త్రీ స్థానమేమిటి అన్న సంగతులు ముందుగా గుడ్డమీదే కనిపిస్తాయి. పేరుకు అవి రేపటి దుస్తులే అయినా, కొలతలు మాత్రం కుట్టినవారి కాలానివని నా వాదన.

దుస్తుల్లో అధికారం ఉంటుందని మన సాహిత్యానికి కొత్తగా చెప్పనక్కరలేదు. విజయనగర ఆస్థానంలో ప్రవేశం కోసం కుళ్లాయి, కూర్పాసం తొడుక్కోవలసి వచ్చినందుకు శ్రీనాథుడు వాపోయినట్లు చెప్పే చాటువు మనందరికీ తెలుసు. కవిసార్వభౌముడికి కూడా కొలువులో యూనిఫారం తప్పలేదు!

ఇక టెలివిజన్ సంగతి. 1966 సెప్టెంబరు 8న అమెరికాలో మొదలైన 'స్టార్ ట్రెక్' సీరియల్ అంతరిక్ష నౌకా సిబ్బందికి ఒక యూనిఫారాన్ని స్థిరపరిచింది. దాన్ని రూపొందించినవాడు విలియం వేర్ థైస్. నాయకత్వానికి బంగారు రంగు, శాస్త్ర వైద్య విభాగాలకు నీలం, యంత్రాలు నడిపేవారికీ కాపలా సిబ్బందికీ ఎరుపు. బంగారు రంగుగా కనిపించిన ఆ చొక్కా నిజానికి లేతాకుపచ్చదే. దీపాల వెలుగులో ఫిల్ముమీద అలా పడింది. 1980లలో దూరదర్శన్ ఈ సీరియల్‌ను మన దేశానికీ చూపించింది. 1989 ప్రాంతంలో దూరదర్శన్‌లోనే 'ఇంద్రధనుష్', 'స్పేస్ సిటీ సిగ్మా', 1998లో కేతన్ మెహతా దర్శకత్వంలో 'కెప్టెన్ వ్యోమ్' వచ్చాయి. చివరి సీరియల్‌లో కథానాయకుడి పేరుకు ముందే హోదా అతికి ఉండటం గమనార్హం.

హోదాను దుస్తులమీద రాసే ఈ పద్ధతి ఎక్కడిది? స్టార్ ట్రెక్ చొక్కా ముంజేతిమీద ఉన్న పట్టీలు నౌకాదళానివి. సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ తన కెప్టెన్‌కు నమూనాగా తీసుకున్నది హొరేషియో హార్న్‌బ్లోయర్ అనే నవలా నాయకుణ్ణి, అంటే నెపోలియన్ కాలపు బ్రిటిష్ నౌకాధికారిని. బ్రిటిష్ నౌకాదళంలో అధికారులకు యూనిఫారం నిబంధన వచ్చింది 1748లో. అంతకు శతాబ్దం ముందే, 1626లో, ఈస్టిండియా కంపెనీ మన నెల్లూరు తీరంలోని దుగరాజపట్నంలో కోటతో కూడిన వర్తక స్థావరం ఏర్పరచుకుంది. మన రేవులకు ఆ హోదా పట్టీలు తర్వాతి శతాబ్దాల్లో వలస పాలనతోపాటు వచ్చి దిగాయి. అవే పట్టీలను అమెరికా టెలివిజన్ ఇరవైమూడో శతాబ్దానికి మోసుకుపోయింది. 1986లో వచ్చిన నాలుగో స్టార్ ట్రెక్ సినిమాలో, తమ కాలంలో డబ్బే లేదని కెప్టెన్ చెబుతాడు. డబ్బు లేని సమాజాన్ని ఊహించగలిగినవారు హోదా లేని చొక్కాను ఊహించలేకపోయారు.

ఎర్రచొక్కాల గతి ఇంకా బోధకరం. కొత్త గ్రహంమీద దిగిన బృందంలో పేరు సరిగా తెలియని ఎర్రచొక్కా మనిషి ఉంటే, కథ సగానికి రాకముందే అతను చనిపోతాడని ప్రేక్షకులు పసిగట్టేశారు. చావడానికే పుట్టిన పాత్రకు ఇంగ్లీషులో 'రెడ్‌షర్ట్' అనే మాటే స్థిరపడింది. 2012లో జాన్ స్కాల్జీ ఆ పేరుతోనే నవల రాశాడు. నాయకుడి సాహసానికి బలం చేకూర్చడానికి కింది ఉద్యోగి ప్రాణం ఖర్చయింది. దీన్ని రచయితల సోమరితనంగా మాత్రమే చూడటం పొరపాటు. ఎవరి చావుకు కథ ఆగుతుంది, ఎవరి చావుకు ఆగదు అన్న వర్గదృష్టి అందులో ఉంది.

స్త్రీల దుస్తుల్లో ఈ వైరుధ్యం మరింత చిక్కుపడింది. 1964-65లో తీసిన మొదటి నమూనా భాగంలో స్త్రీలకూ పురుషులతోపాటు పొడవు లాగులే ఉన్నాయి. సీరియల్ ప్రసారానికి వచ్చేసరికి అవి పోయి మోకాలికి చాలా పైన ఆగే గౌన్లు వచ్చాయి. ప్రేక్షకుల కళ్ళకు వేసిన ఎర అని దీన్ని కొట్టిపారేయవచ్చు. కాని ఉహురా పాత్ర వేసిన నిచెల్ నికోల్స్, ఆ రోజుల్లో పొట్టి గౌను స్త్రీ స్వేచ్ఛకు గుర్తుగా ఉండేదని చెప్పింది. రెండు మాటల్లోనూ నిజముంది. అదే గౌను తొడుక్కున్న నల్లజాతి యువతి నౌకాకేంద్రంలో అధికారిణిగా కూర్చుంది. 1977 నుంచి ఆ నటి నాసాకోసం స్త్రీలనూ నల్లజాతివారినీ వ్యోమగాములుగా చేరమని ప్రచారం చేసింది. 1992లో మే జెమిసన్ అంతరిక్షంలోకి వెళ్ళిన తొలి నల్లజాతి మహిళ అయింది. 1987లో కొత్త తరం సీరియల్ మొదలైనప్పుడు సమానత్వం పేరిట కొందరు పురుషులకూ ఆ పొట్టి గౌనే తొడిగి వెనక వరుసల్లో నడిపించారు. కొద్దికాలానికే అది మాయమైంది. స్త్రీ లాగు తొడుక్కుంటే అభ్యుదయంగా కనిపించిన లోకానికి పురుషుడి గౌను నవ్వులాటగా కనిపించింది.

గుడ్డకు కూడా చరిత్ర ఉంది. మొదటి స్టార్ ట్రెక్ చొక్కాలు వెలూర్ అనే మెత్తటి నూగుగుడ్డవి. శుభ్రం చేసిన ప్రతిసారీ కుంచించుకుపోయేవి. మూడో సంవత్సరంలో నైలాన్‌కు మారారు. 1987 నాటి ఒంటికతుక్కునే సాగుడుగుడ్డ తొడుగులతో నటులకు వెన్నునొప్పులు వచ్చాయి. 1989లో రాబర్ట్ బ్లాక్‌మన్ వచ్చి వాటిని ఉన్ని దుస్తులుగా మార్చాడు. తెరమీద నలగని దుస్తుల వెనక ఇంత నలుగుడు ఉంది. అయినా ఆ మహానౌకలో బట్టలు ఉతికేవాడు కథలో పాత్ర కాలేదు.

ఇక్కడినుంచి మన తీరానికి వద్దాం. శ్రీహరికోటనుంచి మొదటి రాకెట్ 1971 అక్టోబరు 9న లేచింది. అక్కడ ఘన ఇంధనం తయారవుతుంది. అటువంటి పనిలో నైలాన్ బట్టలు పనికిరావు. రాపిడికి పుట్టే స్థిరవిద్యుత్తు నిప్పురవ్వ అవుతుంది గనుక నూలు బట్టలో, విద్యుత్తు నిలవనివ్వని ప్రత్యేక దుస్తులో తొడుక్కోవాలి. తెరమీది నైలాన్ చొక్కాతో ఏ రాకెట్ ఇంధనశాల గుమ్మమూ దాటలేం! నిజమైన అంతరిక్షయుగం దుస్తుల్ని శ్రమలోని ప్రమాదం నిర్ణయిస్తుంది, కెమెరా కాదు. 2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోటలో ఘన ఇంధన మోటారు అంటుకుని ఆరుగురు మరణించారు. నేను వారిని దుస్తులకు ముడిపెట్టడం లేదు. అంతరిక్ష కథలు చదివే మన విద్యార్థులకు కల్పిత కెప్టెన్ల పేర్లు తెలిసినంతగా ఆ ఆరుగురి పేర్లు తెలియవని మాత్రమే అంటున్నాను.

తెలుగులో ఈ సమస్యను తెరమీద మొదట గట్టిగా ఎదుర్కొన్నది సింగీతం శ్రీనివాసరావు. నెల్లూరు జిల్లాలో పుట్టి, శ్రీహరికోటకు ద్వారమైన సూళ్ళూరుపేటలో ఉపాధ్యాయుడిగా పనిచేసి, కె.వి.రెడ్డి దగ్గర 'మాయాబజార్' (1957)కు సహాయకుడైనవాడు. ఆయన 'ఆదిత్య 369' (1991) కాలయంత్రంలో 1526 నాటి విజయనగరానికీ 2504కీ తీసుకుపోతుంది. వెనకటి కాలానికి ఆనవాళ్ళున్నాయి - లేపాక్షి చిత్రాలు, తిరుమలలో రాయలవారి, రాణుల విగ్రహాలు. రాబోయే కాలానికి ఆనవాలు లేదు. అక్కడ ఆధారం మన ఊహే, ఊహకు ఆధారం మన సమాజమే. సింగీతం మార్గదర్శకుడిగా చేరిన 'కల్కి 2898 ఏడీ' (2024)లో, అర్చనారావు రూపొందించిన దుస్తుల్లో, ఈ విషయం స్పష్టపడింది. కింద కాశీలో అతుకుల బట్టలు, పైన కాంప్లెక్స్‌లో మెరుగులు. అక్కడి ప్రయోగశాలలో స్త్రీలకు ఒకే తీరు దుస్తులు, పేర్లకు బదులు సంకేతాలు. గర్భాన్ని ముడిసరుకుగా చూసే వ్యవస్థ ఎలా ఉంటుందో ఆ యూనిఫారమే చెప్పింది. పొగడ్తల్లో యుద్ధదృశ్యాలకు దక్కిన చోటు దీనికి దక్కలేదు.

2014 సెప్టెంబరు 24న మంగళయాన్ కక్ష్యలో చేరినప్పుడు, పట్టుచీరల్లో, తలలో పూలతో సంబరపడుతున్న ఇస్రో మహిళల ఛాయాచిత్రం ప్రపంచమంతా తిరిగింది. వాళ్ళు పరిపాలనా విభాగం ఉద్యోగినులని ఇస్రో తర్వాత వివరించింది. ఆ ప్రయోగంలో ఋతు కరిధాల్, నందినీ హరినాథ్ వంటి శాస్త్రజ్ఞులు పనిచేసిన మాటా నిజమే. లోకం అంతగా ఎందుకు ఆశ్చర్యపోయింది? అంతరిక్షానికి తగిన దుస్తులేవో టెలివిజన్ ఎప్పుడో తీర్మానించి ఉంచింది గనుక. అలాగని పట్టుచీరే అభ్యుదయమని చాటడం కూడా తొందరపాటే. ఆ చీర నేసిన మగ్గం దగ్గరికి కెమెరా వెళ్ళలేదు కదా!

కిందటేడు తొమ్మిదో తరగతి పిల్లలకు 'నూరేళ్ళ తర్వాత మన ఊరు' అని వ్యాసం ఇచ్చాను. దాదాపు అందరూ మనుషులకు తెల్లటి తొడుగులు తొడిగారు. వాళ్ళ తల్లుల్లో చాలామంది చేపల గంప మోసేవాళ్ళు. గంప ఎవరి వ్యాసంలోనూ లేదు. ఒక అమ్మాయి మాత్రం, ఆ తొడుగులో రొంటిన డబ్బులు దోపుకోవడానికి చోటెక్కడుంటుంది సార్ అని అడిగింది. వైజ్ఞానిక కల్పన రాసేవారు ముందు జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న అది.

శ్రీహరికోట దీవి యానాదుల నివాసం. రాకెట్ కేంద్రం రావడంతో వారు చోటు మారవలసి వచ్చింది. సముద్రాన్నీ అడవినీ చదవగలిగిన ఆ మనుషులకు మన ఊహాలోకపు నౌకల్లో ఏ రంగు చొక్కా ఇచ్చాం? అసలు ఎక్కనిచ్చామా? రేపటి కథ రాసే యువ రచయితలు యంత్రాన్ని వర్ణించే ముందు దుస్తుల్ని వర్ణించాలి. వాటిని నేసిందెవరో, కుట్టిందెవరో, ఉతికిందెవరో, తొడుక్కునే అర్హత ఎవరికి లేకుండా పోయిందో చెప్పాలి. విమర్శకులు కూడా వేషధారణ సందర్భోచితమన్న వాక్యాన్ని ఇకనైనా మానుకుని, ఆ సందర్భం ఎవరిదని అడగాలి.