వాల్వా? ట్రాన్సిస్టరా?

విజయనగరము పేరు చెప్పగనే తెలుగువారికి ఫిడేలు గుర్తుకు వచ్చును. పడమటి దేశములలో పుట్టిన ఆ వాద్యమును మన రాగములకు మచ్చిక చేసిన ఊళ్ళలో అది ముఖ్యమైనది. 1919లో అచట నెలకొల్పబడిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అందు ఫిడేలు ఆచార్యులై, 1936లో అధ్యక్షపదవిని స్వీకరించిరి. నేడు ఆ ఫిడేలు సరసన మరియొక పరదేశపు తీగవాద్యము వచ్చి చేరినది. విజయనగరములోగాని శ్రీకాకుళములోగాని ఒక మేడమీదనుండి ఎలెక్ట్రిక్ గిటారు వినబడుట ఇప్పుడు వింత కాదు.

ఆ గిటారు వాయించు కుర్రవాడు ఒకనాడు ఇంట ఒక కోరిక కోరును. గిటారు ఉన్నది, పలువిధముల ఆంప్లిఫైయర్ల స్వరమును అనుకరించు అంకెల యంత్రమున్నది, ఇక ఆ స్వరమును సభకు వినిపించు బలమైన ఆంప్లిఫైయరు కావలెను. అది గాజు వాల్వులతో చేసినదా, ట్రాన్సిస్టర్లతో చేసినదా? "ఇన్ని కొన్నాము గదా, మరల ఈ పెట్టె యెందుకు?" అని తండ్రి అడుగును. ప్రశ్న ఇంటి సొమ్ముతో ముడిపడినది గనుక తేలికగా త్రోసివేయరాదు. దీనికి సమాధానము కొంత చరిత్రలో నున్నదని మా అభిప్రాయము.

మన పల్లెలకు మైకు రాకముందు ధ్వని దూరము పోవుటకు గొంతు, కట్టె, తోలు – ఇవియే సాధనములు. నారాయణదాసుగారు (1864–1945) కాలికి గజ్జె కట్టి హరికథకు నిలిచినప్పుడు సభ చివరి వరుసకు కథను చేర్చినది వారి కంఠమే. మన ప్రాంతపు తప్పెటగుళ్ళ కళాకారులు రొమ్మున కట్టుకొన్న తప్పెటతోనే తిరునాళ్ళను మేల్కొల్పిరి. స్వరము పుట్టిన చోటనే దాని బలమును పుట్టవలసి యుండెను.

ఈ స్థితిని మార్చినది వాల్వు. 1904లో ఇంగ్లండున ఫ్లెమింగు రెండు పలకల వాల్వును నిర్మించెను. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్టు దానిలో మూడవ భాగమును చేర్చెను. గాలి తీసిన గాజుబుడ్డిలో, వేడెక్కిన భాగమునుండి ఎలెక్ట్రానులు బయలుదేరి ఎదుటి పలకను చేరుచుండును. ఆ నడుమ జల్లెడవంటి తీగ యొకటి నిలుచును. తూము తలుపు కొంచె మెత్తినంతనే చెరువు నీరు కదలినట్లు, ఆ జల్లెడకు అందిన స్వల్పమైన విద్యుత్తు గొప్ప ప్రవాహమును తన చెప్పుచేతలలో నడపును. రేడియో, మైకుసెట్టు, మాటలాడు సినిమా – అన్నియు ఈ సూత్రముపైననే నిలిచినవి. మదరాసు రేడియో కేంద్రము ఆరంభమైన 1938వ సంవత్సరముననే ద్వారంవారు వెల్లూరులో ఫిడేలును ప్రధాన వాద్యముగా నిలిపి కచేరీ చేసిరి. ప్రక్కవాద్యమునకు సొంత గొంతు లభించిన ఆ సంవత్సరమే దక్షిణాది గాలిలో క్రొత్త గొంతు వినబడుట మాకు చక్కని కలయికగా తోచును.

అయితే వాల్వు ఆకలి గొప్పది. అది కాగవలెను, కాగిన పిమ్మటగాని పలుకదు. పలకకు వందల వోల్టులు కావలెను. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో అందుబాటునకు వచ్చినను, ఆ తీగలు ఉత్తరాంధ్ర గ్రామములన్నిటికి ప్రాకుటకు ఏండ్లు పట్టెను. తీగ చేరని ఊరిలో వాల్వు రేడియోకు బరువైన బ్యాటరీలే దిక్కు. ఈ చిక్కును విడదీసినది ట్రాన్సిస్టరు. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీను, బ్రాటెయిను దానిని పనిచేయించి చూపిరి. వారికిని, వారితోడి షాక్లీకిని 1956లో నోబెలు బహుమానము లభించెను. కాగపని లేదు, పగులు గాజు లేదు. టార్చిలైటు బ్యాటరీలు చాలును. 1963లో విశాఖపట్టణ కేంద్రము ప్రసారము లారంభించిన దశాబ్దిలోనే ట్రాన్సిస్టరు రేడియో పొలము గట్టుకును, పడవలోనికిని చేరసాగెను.

ఇట్లు రేడియోలోను, మైకుసెట్టులోను ఓడిన వాల్వు గిటారు పెట్టెలో మాత్రము ఎందుకు నిలిచినది? అమెరికాలో లియో ఫెండరు వంటివారు 1950ల నాటికి గిటారు కొరకు వాల్వు ఆంప్లిఫైయర్లు చేయుచుండిరి. వాద్యకారులు వానిని శక్తికి మించి త్రిప్పిరి. మోయలేని బరువు పడినప్పుడు వాల్వు ధ్వనితరంగపు శిఖరమును మెల్లగా గుండ్రన చేయును. ట్రాన్సిస్టరు కత్తితో కోసినట్లు తెగగోయును. మొదటిది చెవికి ఇంపుగా తోచెను. రెండవది కటువుగా నుండెను. రేడియో ఇంజనీరునకు దోషమైనది గిటారువానికి గమకమువలె అలంకార మయ్యెను. అనగా ఆ పెట్టె ధ్వనిని మోయు బండి మాత్రమే కాదు, వాద్యములో నొక భాగము.

తెలుగువారిలో దీనికి సమీపమైన ఉదాహరణము ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014). పాలకొల్లున పుట్టిన ఈ విద్వాంసుడు జంట తీగల మాండలినును విడిచి, ఐదు ఒంటి తీగల ఎలెక్ట్రిక్ మాండలినును చేపట్టెను. మామూలు మాండలిను నాదము మీటిన వెంటనే సన్నగిల్లును. కర్ణాటక సంగీతమునకు నాదము సాగవలెను. విద్యుత్తు ఆ లోటును తీర్చెను. గమకము మాత్రము ఆయన వ్రేళ్ళదే.

ఇక నేటి అంకెల యంత్రమునకు వత్తము. 1998లో లైన్ సిక్స్ సంస్థ పాడ్ అను చిన్న పెట్టెను తెచ్చినది మొదలు, వాల్వుల నడవడిని గణితముగా మార్చు యంత్రములు పెరిగినవి. ఇవి ముందటి వాల్వులను, బలమిచ్చు వాల్వులను, ట్రాన్స్‌ఫార్మరును, స్పీకరు పెట్టెను, దాని యెదుటి మైకును కూడ లెక్కగట్టి అనుకరించును. కావున స్వరము ఈ యంత్రములోనే సిద్ధమగుచున్నది. దాని వెనుక మరల వాల్వు ఆంప్లిఫైయరు నుంచినచో, రంగు వేసిన బొమ్మకు మరల రంగు పూసినట్లగును. వాల్వు ఆంప్లిఫైయరు స్పీకరును బిగించి పట్టదు. స్పీకరు అవరోధము పెరిగిన మంద్ర, తార స్వరములలో ధ్వని ఉబ్బును. యంత్రము ఈ గుణమును ముందే లెక్కించియుండును. ట్రాన్సిస్టరు ఆంప్లిఫైయరు స్పీకరును అదుపులో నుంచి, ఇచ్చినదానిని ఇచ్చినట్లు వినిపించును.

అందువలన మా సలహా యిది. పలు స్వరములు మార్చి వాయించువారికి ట్రాన్సిస్టరే మేలు. కాని అది బరువు మోయలేక తెగగోయు స్థితి రాకుండ, అవసరమునకు మించిన వాట్లు గలదానిని కొనవలెను. స్పీకరు ఓములు ఆంప్లిఫైయరు తాళగల హద్దుకు తగ్గకుండ చూడవలెను. మామూలు గిటారు స్పీకరు వాడినచో, యంత్రములోని స్పీకరు అనుకరణను ఆపివేయవలెను. ఒకే తీరు స్వరముతో తృప్తిపడి, వాల్వు స్పర్శ వ్రేళ్ళకు తెలియవలెనని కోరువారు వాల్వునే ఎన్నుకొనవచ్చును. అప్పుడు యంత్రములోని బలవాల్వుల అనుకరణను ఆపవలెను. స్పీకరు తగిలింపక వాల్వు ఆంప్లిఫైయరును ఎన్నడును నడపరాదు. దాని ట్రాన్స్‌ఫార్మరు చెడిపోగలదు.

మన ప్రాంతపు పరిస్థితియు ఆలోచింపదగినదే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస ప్రాంతమున తీరము దాటినప్పుడు శ్రీకాకుళము జిల్లాలోని అనేక గ్రామములు రోజుల తరబడి చీకటిలో నుండెను. తుఫాను లేని నాడును ఉత్సవ వేదికకు జనరేటరే ఆధారమగుట కద్దు. వోల్టేజి తగ్గిన వాల్వు స్వరము మారును. 100 నుండి 240 వోల్టుల వరకు తట్టుకొను నేటి తేలిక ట్రాన్సిస్టరు ఆంప్లిఫైయర్లు కొన్ని కలవు. సంచిలో వేసికొని బస్సు ఎక్కవచ్చును. వాల్వు పెట్టెను మోయుటకు ఇద్దరు కావలెను.

ప్రసారశాలలో మేము నిత్యము పాటించు నియమ మొకటి యున్నది: మైకునుండి శ్రోత చెవి వరకు నడుమనున్న ప్రతి మెట్టును తన సొంత మాట కలుపక, అందినదానిని అందించవలెను. స్వరము ఎచట పుట్టుచున్నదో తెలిసినవానికి ఎచట ఖర్చు పెట్టవలెనో తెలియును. ద్వారంవారి నాదము వారి కమానులో పుట్టెను. మీ ఇంటి కుర్రవాని నాదము ఎచట పుట్టుచున్నదో వానినే అడుగుడు. వాడు వ్రేళ్ళు చూపినచో ఏ పెట్టె కొన్నను నష్టము లేదు. పెట్టెను చూపినచో, కొనుట కొన్నాళ్ళు ఆపి, సాధన పెంచుమని చెప్పుడు.