ఎక్స్-కిరణముల గదికి అణుశక్తి చట్టము ఎట్లు వచ్చెను?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో అణువిద్యుత్కేంద్రము లేదు. యురేనియము గనియు లేదు. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములందు ఎందరో స్త్రీలు బీడీలు చుట్టి కుటుంబములను పోషించుచున్నారు. సిరిసిల్ల మరమగ్గములకు పేరుపొందిన పట్టణము. పొగాకు ధూళిలోను, నూలు ధూళిలోను పనిచేయువారికి దగ్గు పట్టి వారముల తరబడి విడువనిచో, ఛాతీకి ఎక్స్-రే తీయించవలెనని వైద్యులు చెప్పుదురు. క్షయ అని అనుమానము కలిగినపుడును అంతే. ఆ ఫోటో తీయు చిన్నగది ఏ చట్టమునకు లోబడినది అని అడిగినచో, ఆస్పత్రుల చట్టమునకని చాలమంది జవాబు చెప్పుదురు. నిజమునకు తారాపూరు, కల్పాక్కములందలి అణురియాక్టరులను ఏలిన 1962 నాటి అణుశక్తి చట్టమే ఆరు దశాబ్దములకు పైగా ఈ గదిని కూడ ఏలినది.

రియాక్టరు ఎక్కడ, వీథిమూలనున్న ఎక్స్-రే గది ఎక్కడ? ఈ రెంటిని ఒకే చట్టము ఎట్లు కలిపినది? కలిపిన తరువాత ఆ చట్టము చిన్న పట్టణముల గదుల వరకు నిజముగా చేరినదా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము మన దేశపు వికిరణ రక్షణ చరిత్రలో కలదు.

గాయములు నేర్పిన పాఠము

జర్మను శాస్త్రజ్ఞుడు రాంట్‌జెన్ 1895 నవంబరు 8వ తేదీన ఎక్స్-కిరణములను కనుగొనెను. కంటికి కనబడక, ఒంటికి తాకినట్లు తోచక, మాంసమును దాటి ఎముకల నీడను చూపు ఈ కిరణములు లోకమును ఆశ్చర్యములో ముంచినవి. వానివలన హాని కలుగునని తొలుత ఎవరును ఊహింపలేదు. అమెరికాలో ఎడిసను ప్రయోగశాలయందు పనిచేసిన క్లారెన్స్ డాలీ తన చేతులనే మాటిమాటికి కిరణముల కడ్డముగా ఉంచి పరికరములను పరీక్షించెడివాడు. చేతులపై పుండ్లు పడినవి, అవి మానలేదు, చేతులు తొలగింపవలసివచ్చెను. అతడు 1904లో మరణించెను. ఎడిసను ఆ పరిశోధననే మానివేసెను.

ఇట్టి అనుభవములు పెక్కు దేశములలో పోగైన పిమ్మట, 1928లో స్టాక్‌హోమ్ నగరమున జరిగిన అంతర్జాతీయ సభలో వికిరణ రక్షణకై ఒక సంఘము ఏర్పడెను. నేటి అంతర్జాతీయ వికిరణ రక్షణ సంఘమునకు మూలము అదియే. 1934లో అది, పనిచేయు మనిషి దినమునకు 0.2 రాంట్‌జెనుల వరకు సహింపగలడని ప్రకటించెను. నేటి కొలమానమున చెప్పిన ఇది సంవత్సరమునకు సుమారు 500 మిల్లీసీవర్టులు. 1950 నాటికి ఈ పరిమితి వారమునకు 0.3 రాంట్‌జెనులకు, అనగా సంవత్సరమునకు సుమారు 150 మిల్లీసీవర్టులకు దిగెను. 1950వ దశాబ్దము చివరకు 50కి, 1990లో ఐదేండ్ల సగటున 20కి వచ్చెను.

ఈ అంకెలు దిగివచ్చుటకు కారణమేమి? మానవ శరీరము మారలేదు. మన జ్ఞానము మారినది. ఎక్స్-కిరణములు జీవుల వంశలక్షణములను మార్చగలవని 1927లో హెర్మన్ ముల్లర్ పండ్ల ఈగలపై చేసిన ప్రయోగములలో తేల్చెను. హిరోషిమా, నాగసాకి నగరములలో 1945 నాటి బాంబుల నుండి బ్రతికి బయటపడిన వారిని దశాబ్దముల తరబడి పరీక్షించగా, ఏండ్లు గడచిన పిదప కూడ రక్తకేన్సరు, ఇతర కేన్సరులు వారిలో హెచ్చుగా కనబడెను. వెంటనే గాయము కనబడనంత మాత్రమున హాని లేదని చెప్పవీలు లేదని తేలెను. కావున కొద్దిపాటి మోతాదునకు కూడ కొద్దిపాటి అపాయముండునని భావించియే నేటి నియమములు వ్రాయబడుచున్నవి.

రహస్యము కొరకు పుట్టిన చట్టము

మన దేశమున తొలి అణుశక్తి చట్టము 1948లో వచ్చెను. ఆ ఏడు ఆగస్టులో అణుశక్తి సంఘము ఏర్పడెను. అప్పటికి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నిజాము ఏలుబడిలోని హైదరాబాదు సంస్థానమున ఉండెను. ఆ సంస్థానము భారతదేశమున కలిసినది సెప్టెంబరు నెలలో. అందుచేత తొలి చట్టము పుట్టిన నాటికి ఈ మూడు పట్టణములు దాని పరిధిలోనే లేవు.

ఆ చట్టము ముఖ్యోద్దేశము ప్రజల రక్షణ కాదు. అణుపదార్థములు, ఆ పరిశోధనలు ప్రభుత్వము చేతిలో నుండవలెను, రహస్యముగా నుండవలెను అనునదియే దాని సారము. రాజ్యాంగసభలో మైసూరునకు చెందిన ఎస్. వి. కృష్ణమూర్తిరావు దీనిని ప్రశ్నించెను. బ్రిటనులో రక్షణ విషయములకే గోప్యత పరిమితమై యుండగా ఇచట అన్నిటికిని ఏల అని ఆయన సందేహము. శాంతి ప్రయోజనములను, యుద్ధ ప్రయోజనములను విడదీయుట ఎట్లో తనకు తెలియదని నెహ్రూ బదులు చెప్పెను. ఆనాటి ఈ చిక్కు తరువాతి చరిత్రయంతటను నీడవలె వెంట నడచినది. రహస్యముగా నుండవలసిన శాఖయే ప్రజలకు రక్షణను గూర్చి జవాబు చెప్పవలసి వచ్చినది.

1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము మరియొక విభజన చేసెను. అణుశక్తి కేంద్రజాబితాలో 6వ అంశము. ప్రజారోగ్యము, ఆస్పత్రులు రాష్ట్రజాబితాలో 6వ అంశము. కనుక ఎక్స్-రే గదియున్న ఆస్పత్రి రాష్ట్రము సంగతి; ఆ గదిలోని కిరణము కేంద్రము సంగతి. ఈ రెంటి నడుమ ఏర్పడిన సందును పూడ్చుట ఎంత కష్టమో ముందు చూడగలము.

ఒక్క మాటకు నిర్వచనము

1948 నాటి చట్టమునకు బదులుగా 1962లో కొత్త అణుశక్తి చట్టము వచ్చెను. అందులో "వికిరణము" అను మాటకు నిర్వచనము కలదు. గామా కిరణములు, ఆల్ఫా, బీటా కణములు, న్యూట్రానులు మొదలగు వానితోపాటు ఎక్స్-కిరణములు కూడ ఆ మాటలో చేరినవి. ధ్వని, రేడియో తరంగములు, కంటికి కనబడు వెలుగు, పరారుణ, అతినీలలోహిత కిరణములు చేరలేదు. ఎక్స్-రే యంత్రములో అణుఇంధనము లేదు. మీట నొక్కిననాడే కిరణము పుట్టును, విద్యుత్తు ఆపిన ఆగిపోవును. అయినను ఆ ఒక్క నిర్వచనముతో అది రియాక్టరుతో కలిసి ఒకే చట్టము క్రిందికి వచ్చెను. జీవకణములలోని అణువుల నుండి ఎలక్ట్రానులను ఊడబెరుకు శక్తి రెంటి కిరణములకును సమానముగా కలదు గనుక ఈ కలయిక శాస్త్రరీత్యా సరియైనదే.

అదే చట్టము మరియొక హద్దును కూడ గీసినది. ప్రకృతిలో రేడియోధార్మికత అంతటను కొద్దిగా కలదు. కరీంనగర్ ప్రాంతపు గ్రానైటు రాతిలోను, త్రాగు నీటిలోను, మన దేహములోని పొటాషియములోను కలదు. పొగాకులో పొలోనియము-210 స్వల్పముగా కలదని 1964లో అమెరికా శాస్త్రజ్ఞులు చూపిరి. వీనినన్నిటిని చట్టము పట్టుకొనబోయిన, బీడీకట్టకు కూడ అనుమతిపత్రము కావలసివచ్చును. కావున ప్రభుత్వము ప్రకటించిన స్థాయిని మించి వికిరణమును వెలువరించునవే "రేడియోధార్మిక పదార్థములు" అని చట్టము చెప్పినది. బీడీవలన కలుగు హానిని అరికట్టుట వేరు చట్టముల పని.

చట్టములోని 17వ సెక్షను రక్షణ నియమములు చేయు అధికారమును కేంద్రమునకిచ్చెను. ఆ ప్రకారము 1971లో వికిరణ రక్షణ నియమములు వచ్చెను. హైదరాబాదులో అణుఇంధన సముదాయము ఏర్పడినదియు ఆ కాలముననే. 1983 నవంబరు 15న అణుశక్తి నియంత్రణ మండలి స్థాపింపబడెను. 2004లో నియమములను తిరిగి వ్రాసిరి. 18 ఏండ్లు నిండనివారిని వికిరణముతో పనిచేయు ఉద్యోగములో పెట్టరాదు. అనుమతి లేక యంత్రమును నడుపరాదు. పనివారు పొందిన మోతాదును కొలువవలెను. పనివారికి ఐదేండ్లలో మొత్తము 100 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏటను 30 మించరాదని మండలి విధించినది. అంతర్జాతీయ సంఘము ఒక్క ఏట 50 వరకు అనుమతింపగా, మన మండలి 30 వద్దనే ఆపినది. సామాన్య ప్రజలకు ఏటికి 1 మిల్లీసీవర్టు పరిమితి.

ఈ అంకెలకు పోలిక కావలెను. ప్రకృతి నుండియే మానవుడు ప్రపంచపు సగటున ఏటికి 2.4 మిల్లీసీవర్టులు పొందుచున్నాడు. ఒక్కసారి ఛాతీ ఎక్స్-రే తీసిన వచ్చునది 0.1 లేక అంతకు తక్కువ. ఛాతీకి సీటీ స్కాను చేసిన సుమారు 7. కావున అవసరమైన ఎక్స్-రేకు భయపడి క్షయను దాచుకొనుట తెలివి కాదు. రోగి విషయములో చట్టము పరిమితి విధింపలేదు. ఏలయన, ఎంత అవసరమో నిర్ణయింపవలసినవాడు వైద్యుడు. పరీక్షవలని మేలు కీడుకంటె అధికముగా నుండవలెను. చాలినంతకు మించి ఒక్క పాలు కూడ ఇవ్వరాదు. ఈ రెండు సూత్రములే రోగికి రక్ష. చట్టపు అంకెలు ముఖ్యముగా తలుపునకు ఇవతల కూర్చుండువారికిని, దినమునకు ఎన్నో ఫోటోలు తీయు సాంకేతికునకును ఉద్దేశింపబడినవి.

కాగితము నుండి గదికి

నియమములు బాగుగనే ఉన్నవి. అవి ఎంతవరకు అమలయినవి? 2012లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక దీనికి జవాబు చెప్పెను. దేశమున లెక్కకు వచ్చిన 57,443 వైద్య ఎక్స్-రే కేంద్రములలో మండలివద్ద నమోదైనవి 5,270 మాత్రమే. నూటికి 91 కేంద్రములు నియంత్రణకు బయటనే ఉండెను. ప్రతి రాష్ట్రమునను వికిరణ రక్షణ సంచాలనాలయము నెలకొల్పవలెనని 2001లో సుప్రీంకోర్టు ఆదేశించియుండగా, 2012 జూలై నాటికి కేరళ, మిజోరాము రాష్ట్రములే ఆ పని చేసెను. కేంద్రజాబితాకు, రాష్ట్రజాబితాకు నడుమనున్న సందు ఇదియే. నియమము నుల్లంఘించినవారికి జరిమానా ఎంత? 1962 నాటి చట్టములోని 30వ సెక్షను ప్రకారము 500 రూపాయలకు మించదు. ఆ మొత్తము 1962లో బరువైనదే. అర్ధశతాబ్దము తరువాత అది నామమాత్రము.

అలక్ష్యమునకు మూల్యము ఎట్లుండునో అంతకు రెండేండ్ల ముందే ఢిల్లీలో కనబడెను. ఢిల్లీ విశ్వవిద్యాలయములో చిరకాలముగా వాడుకలో లేని ఒక గామాకిరణ పరికరమును పాతసామానుతోపాటు వేలము వేసిరి. అందులోని కోబాల్టు-60 మాయాపురి పాతయినుము అంగళ్ళలో 2010 ఏప్రిలులో బయటపడెను. అది ఏమో తెలియక దానిని విడదీసిన కార్మికులు జబ్బుపడిరి, ఒకడు మరణించెను. చదువుకున్నవారి నిర్లక్ష్యమునకు, ఆ పదార్థము పేరైనను విననివారు బలియైరి.

ఇంకొక లోపము నిర్మాణములోనే ఉండెను. నియంత్రణ మండలి పార్లమెంటు చేసిన చట్టముచే పుట్టినది కాదు. ప్రభుత్వపు ఉత్తరువుచే పుట్టినది. అది అణుశక్తి సంఘమునకు జవాబుదారి. అణుకేంద్రములను నడపు శాఖ కార్యదర్శియే ఆ సంఘమునకు అధ్యక్షుడు. పరీక్ష వ్రాయువానికిని, పేపరు దిద్దువానికిని యజమాని ఒక్కడే అయినట్లున్నది. 2011 మార్చిలో జపానులోని ఫుకుషిమా ప్రమాదము తరువాత, స్వతంత్రమైన ప్రాధికార సంస్థ కొరకు ఆ సెప్టెంబరులో బిల్లు ప్రవేశపెట్టిరి. అది ఆమోదము పొందకయే 2014లో లోక్‌సభతోపాటు ముగిసిపోయెను.

2025 డిసెంబరులో పార్లమెంటు "శాంతి" అను పేరుగల కొత్త అణుశక్తి చట్టమును ఆమోదించెను. 1962 నాటి చట్టమునకును, అణునష్ట బాధ్యతను గూర్చిన 2010 నాటి చట్టమునకును బదులుగా వచ్చిన చట్టమిది. నియంత్రణ మండలికి చట్టబద్ధమైన ప్రతిపత్తి నిచ్చుట ఇందులోని ముఖ్యాంశములలో ఒకటి. దానితోపాటు అణువిద్యుత్తులోనికి ప్రైవేటు సంస్థలకు కూడ ఈ చట్టము తలుపు తెరచినది. కాచవలసిన వాకిళ్ళు పెరిగినపుడు కావలివానికి ఎక్కువ బలము కావలెను.

ఇకమీద చూడవలసినది

జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. వైద్యము పెరిగినకొలది కిరణముల వాడుకయు పెరుగును. ఈ పట్టణములలో ఇకమీద ఎక్స్-రే గదులు, స్కాను గదులు హెచ్చునే గాని తగ్గవు. ప్రతి గదివద్దను తనిఖీ అధికారి నిలిచియుండజాలడు.

అందుచే భౌతికశాస్త్ర పాఠమునకు ఈ చట్టము కూడ ఒక అనుబంధము కావలెను. దూరము రెట్టింపైన కిరణతీవ్రత నాలుగవ వంతునకు తగ్గునని విద్యార్థులు నేర్చుకొందురు. తీయునపుడు తోడువచ్చినవారు గది వెలుపల నిలువవలెనను నియమము ఆ సూత్రమునకు ప్రయోగమే. సీసము కిరణములను ఆపునని నేర్చుకొందురు. సాంకేతికుడు ధరించు ముందుతొడుగులో నున్నది అదియే. తలుపుపై మూడు రెక్కల హెచ్చరిక గుర్తు ఉన్నదా, ఫోటో తీయునపుడు తలుపు మూయుచున్నారా, సాంకేతికుని ఛాతీపై మోతాదును కొలుచు బిళ్ళ ఉన్నదా, గర్భవతులు ముందుగా చెప్పవలెనని బోర్డు ఉన్నదా, మండలి అనుమతి ఉన్నదా – ఈ ఐదు ప్రశ్నలు అడుగుటకు పదవ తరగతి చదువు చాలును. బీడీలు చుట్టు తల్లికి తోడుగా ఎక్స్-రే గదికి వెళ్ళు పిల్లవాడు వీనిని మర్యాదగా అడుగగలిగిన నాడు, 1948లో రహస్యముగా మొదలైన ఈ చట్టము కోరుట్ల వీథికి నిజముగా చేరినట్లు.