నికోబారు దీవులలో సంఘైక్యత

తమిళ తీరమున కావేరీ ముఖద్వారానికి చేరువలో తరంగంబాడి అనే చిన్న రేవుపట్టణం ఉన్నది. 1845 వరకూ అది డెన్మార్కు దేశస్థుల ఏలుబడిలో ఉండినది. భారతదేశపు ప్రొటెస్టంటు క్రైస్తవుల చరిత్రలో ఆ ఊరి పేరు రెండు విధాలుగా వినిపిస్తుంది. 1706లో జీగన్‌బాల్గు అనే జర్మను బోధకుడు దిగినది అక్కడనే. 1919 మే నెలలో వేర్వేరు శాఖలకు చెందిన 33 మంది సంఘనాయకులు సమావేశమై, దక్షిణదేశపు సంఘాలన్నీ ఒకటి కావలెనని పిలుపునిచ్చినదీ అక్కడనే. ఈ రెండు సంఘటనలకు నడుమ మరొక ప్రయాణం ఆ రేవు నుండియే బయలుదేరినది. అంతగా ఎవరూ తలచుకొనని ఆ ప్రయాణపు గమ్యం నికోబారు దీవులు.

1760లో మొరేవియన్ సోదరులు అని పేరుపొందిన ఒక చిన్న సమాజం వారు తరంగంబాడికి వచ్చినారు. జర్మనీలోని హెర్న్‌హూట్ గ్రామంలో, జింజెండార్ఫు ప్రభువు జాగీరులో తలదాచుకొన్న కాందిశీకుల సమాజమది. ఆ గ్రామంలో లూథరన్లు, కాల్విను మతస్థులు, పాత బొహీమియా సోదరులు కలిసియుండి మొదట కలహించినారు, పిమ్మట 1727లో సమాధానపడినారు. శాఖాభేదం విశ్వాసానికి అడ్డు కారాదన్నది వారు ఆ కలహం నుండి నేర్చుకొన్న పాఠం. అటువంటివారికి తరంగంబాడిలో లభించిన స్వాగతమేమి? అప్పటికి అర్ధశతాబ్దంగా అక్కడ పాతుకొనియున్న లూథరన్ మిషనరీలు వారి రాకను సహించలేదు. తమ పొలంలోనికి ఇతరులు చొరబడినట్లే భావించినారు. డేనిష్ ప్రభుత్వం మొరేవియన్లను రప్పించినది నికోబారు దీవుల కొరకే కనుక, వారు దీవులకే పోవలెనన్నది ఆ లూథరన్ల వాదం. సముద్రాన్ని దాటించవలసినంత వైరం ఇద్దరు జర్మను బోధకుల మధ్య ఉండినదంటే నేటి పాఠకునికి వింతగా తోచును గాని, ఆనాటి లేఖలలో అది ఎక్కడా దాగలేదు.

1768లో వారు నన్‌కౌరీ దీవికి చేరినారు. సుమారు 20 ఏండ్లు అక్కడ శ్రమపడినారు. మన్యపు జ్వరాలు వారిని ఒకరి వెనుక ఒకరిగా బలిగొన్నవి. దీవిలోనే మరణించినవారూ, తరంగంబాడికి తిరిగివచ్చి ఆ జ్వరాలతోనే కన్నుమూసినవారూ కలిసి 20 మందికి పైగా అయినారు. ద్వీపవాసుల భాష వారికి పూర్తిగా పట్టుబడలేదు. 1787లో మిషన్ మూతపడునాటికి సంఘమనదగినదేదీ అక్కడ ఏర్పడలేదు. చివరివరకు ఉన్న హేన్సెల్ అనే సోదరుడు ముసలితనంలో వ్రాసిన లేఖలు మాత్రం మిగిలినవి. 1812లో ఆంగ్లంలో అచ్చైన ఆ లేఖలలో బోధన కంటె మొసళ్లూ పాములూ ఎక్కువ చోటు ఆక్రమించినవి.

ఆ పిమ్మట నూరేండ్లకు పైగా గడిచినవి. 1869లో బ్రిటిషువారు దీవులను స్వాధీనం చేసికొన్నారు. నికోబారులో నిలిచిన క్రైస్తవ్యాన్ని తెచ్చినవాడు ఐరోపావాడు కాడు, వేదప్ప సాలమన్ అనే తమిళుడు. 19వ శతాబ్దపు చివరి సంవత్సరాలలో అతడు కార్ నికోబారులోని మూస్ గ్రామంలో ప్రభుత్వ ప్రతినిధిగాను, ఆంగ్లికన్ ఉపదేశిగాను ఉండి బడి నడిపినాడు, అనాథబాలురను చేరదీసినాడు. ఆ బడిలో చదివిన బాలుడొకడు సాలమన్ ప్రోత్సాహంతో బర్మాలోని మాండలేకు పోయి విద్య నేర్చి 1912లో తిరిగివచ్చినాడు. అతడే జాన్ రిచర్డ్‌సన్. 1884లో మూస్‌లో పుట్టినవాడు.

కార్ నికోబారు నికోబారు దీవులలో ఉత్తరపు కొసనున్నది. వైశాల్యం 127 చదరపు కిలోమీటర్లు మాత్రమే. భూమిగాని, కొబ్బరితోటగాని, పందులుగాని అక్కడ ఒక్కరి సొత్తు కాదు. 'తుహెత్' అనబడే ఉమ్మడి కుటుంబానివి. గ్రామానికంతటికీ సముద్రపుటొడ్డున 'ఎల్పనం' అనే ఉమ్మడి స్థలముండేది. పండుగయైనా, పడవపందెమైనా, పెద్దల సభయైనా అక్కడనే. ఇట్టి సమాజంలో ఒక్కడు వేరుగా నమ్ముట, వేరుగా బాప్తిస్మం పొందుట కష్టం. నమ్మిన పిమ్మట వేరుగా చీలుట అంతకన్న కష్టం. సాలమన్, రిచర్డ్‌సన్‌ల కాలంలో ఆ దీవిలో స్థిరంగా పనిచేసినది సువార్త ప్రచారక సంఘం, అనగా ఆంగ్లికన్ల ఎస్.పి.జి. ఒక్కటే. స్వాతంత్ర్యానంతరం 1956 నాటి ఆదివాసుల రక్షణ నిబంధనలు అనుమతి లేనిదే బయటివారెవరూ అడుగుపెట్టరాదన్నవి. అందువలన పోటీమిషన్లు చాలకాలం దూరంగానే ఉండిపోయినవి. కార్ నికోబారు సంఘైక్యతను కొందరు ఆధ్యాత్మిక విజయంగా కీర్తించుట కద్దు. అది సగమే సత్యం. చీలుటకు రెండవ శాఖ లేకపోవుట మిగిలిన సగం.

కాని పరీక్ష రాకపోలేదు. 1942 మార్చిలో జపానువారు ఆండమానును, ఆపై నికోబారును ఆక్రమించినారు. 1945 వచ్చునప్పటికి గూఢచారులన్న అనుమానంతో ఎందరో నికోబారీలను హింసించి చంపినారు. రిచర్డ్‌సన్ కూడ బంధితుడైనాడు. జపాను లొంగిపోవుట వలన బ్రతికి బయటపడినాడు. యుద్ధానికి పూర్వం దీవిలో క్రైస్తవులు కొద్దిమందియే. యుద్ధానంతరం గ్రామాలకు గ్రామాలే బాప్తిస్మం కోరినవి. తమతోపాటు దెబ్బలు తిన్న మనిషి మాటను వారు విన్నారనుకొనవలెను. రిచర్డ్‌సన్ పాత వేడుకలను రద్దుచేయలేదు. పందుల విందు నిలిచినది, పడవపందెం నిలిచినది, తుహెత్ నిలిచినది. 1950లో అతడు సహాయ బిషప్పుగా అభిషిక్తుడైనాడు. క్రొత్త నిబంధన కార్ నికోబారీ భాషలో వెలువడినదీ ఆ ఏడాదియే. 1952లో తొలి లోకసభకు ఆ దీవుల ప్రతినిధిగా నామకరణం పొందినాడు. బిషప్పు పార్లమెంటు సభ్యుడగుట దీవులలో ఎవరికీ విడ్డూరంగా తోచలేదు. గ్రామపెద్ద అన్ని పనులూ చూడవలసినదే కదా.

ఉత్తరాన ఆండమానులో కథ వేరు. అక్కడ సంఘాలు మూటాముల్లెలతో పాటు పడవెక్కి వచ్చినవి. 1918 నుండి అడవిపనులకు రాంచీ ప్రాంతపు ఆదివాసులను రప్పించినారు. ఛోటా నాగపూర్‌లో వారిలో కొందరు కతోలికులు, కొందరు లూథరన్లు, కొందరు ఆంగ్లికన్లు. అక్కడి లూథరన్ మిషన్ 1869లో జర్మను బోధకుల తగవుల వలన రెండుగా చీలినది, ఒక భాగం ఆంగ్లికన్లలో కలిసినది. బెర్లినులో పుట్టిన తగవు రాంచీ మీదుగా ఆండమాను అడవులకు చేరినదన్నమాట. 1925లో బర్మా నుండి కరెన్ జాతివారు వచ్చి మాయాబందర్ దగ్గర వెబీ గ్రామం కట్టుకొన్నారు, వారు బాప్టిస్టులు. తమిళులు వచ్చినారు, శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి తెలుగువారు వచ్చినారు. 2011 జనగణన ప్రకారం ఆండమాన్ నికోబార్ దీవుల జనాభాలో నూటికి 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. వీరిలో క్రైస్తవులు కొందరే. వారి ఊళ్లు ఒకప్పుడు కెనడా బాప్టిస్టు మిషన్ పనిచేసిన ప్రాంతంలోనివి. పోర్ట్ బ్లెయిరులో, అనగా 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన ఆ నగరంలో, ఒకే వీధివారు ఆదివారంనాడు నాలుగు దిక్కులకు పోవుట ఈ విధంగా ఏర్పడినది.

తెలుగు పాఠకులకు దగ్గరి ఉదాహరణ మరొకటి ఉన్నది. తరంగంబాడి పిలుపు వెనుక నిలిచినవాడు దోర్నకల్ బిషప్పు అజరయ్య. ఆంగ్లికన్ బిషప్పయిన తొలి భారతీయుడు ఆయనే. తమ విభేదాలు భారతీయులు పుట్టించినవి కావనీ, బయటినుండి తమపై రుద్దబడినవనీ ఆ సమావేశం వాపోయినది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినది. ఆ దినాన్ని చూచుటకు అజరయ్య లేడు, 1945 జనవరి 1న గతించినాడు. ఆయన ఏలిన అధ్యక్షఖండంలోనే ఒక మూల ఐక్యతకు ఎదురు తిరిగినది. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో పెక్కుమంది కొత్త సంఘంలో చేరలేదు. వారిది ఎస్.పి.జి. పొలం. లండనులోని ఎస్.పి.జి. తన సాధారణ నిధులను ఐక్యసంఘానికి ఇయ్యలేదు. బిషప్పుల పరంపర చెడునేమోనన్న భయమూ, పాత ఆరాధనాక్రమం మీది మమకారమూ, జీతాల బెంగా ఒకదానితో ఒకటి పెనవేసికొన్నవి. వీటిలో ఏది సిద్ధాంతం, ఏది అన్నం అని విడదీయుట చరిత్రకారునికి సాధ్యం కాదు. నంద్యాలవారు కలకత్తా బిషప్పు పాలనలో ఉండిపోయినారు. నికోబారు కూడ అదే పాలనలోనిదే. ఒకే మిషన్ నాటిన రెండు మొక్కలలో ఒకటి ఐక్యత తలుపు తట్టగా తెరవలేదు. రెండవదానికి ఆ తలుపు తట్టినవారే లేరు.

తలుపు తట్టుట 1970లో జరిగినది. ఉత్తర భారతదేశంలో ఐక్యత చర్చలు 1929లో ఆరంభమై నాలుగు దశాబ్దాలు సాగినవి. చిక్కు ఎక్కడనో ముందుగా తెలిసికొనవలెను. ఆంగ్లికన్లకు అపొస్తలుల నుండి తెగని బిషప్పుల వరుస ముఖ్యం. ప్రెస్బిటేరియన్లకు పెద్దల సభ ముఖ్యం. బాప్టిస్టులు శిశువులకు బాప్తిస్మమీయరు, విశ్వసించిన పెద్దలకే ఇత్తురు. దక్షిణాదిలో బిషప్పు చేత అభిషేకం పొందని పాస్టర్లను కూడ ఉన్నవారిని ఉన్నట్లే స్వీకరించి, 30 ఏండ్లలో అంతా సర్దుకొనునని విడిచిపెట్టినారు. ఆంగ్లికన్లలో ఆచారపరులు ఆక్షేపించినది దానినే. ఉత్తరాదివారు వేరొక ఉపాయం పన్నినారు. ఆరంభదినాననే అన్ని శాఖల బోధకులు ఒకరి తలపై ఒకరి ప్రతినిధులు చేతులుంచి ప్రార్థింతురు. ఎవరికి ఏది కొరతయో అది దేవుడే పూరించును, ఎవరి పూర్వపు అభిషేకాన్నీ కొరతపడినదని అనరు. వినుటకు లౌక్యంగా ఉన్నది. లౌక్యమే, కాని అది సాత్త్వికమైన లౌక్యం. బాప్తిస్మం విషయంలో రెండు పద్ధతులనూ అంగీకరించినారు. 1970 నవంబరు 29న నాగపూర్‌లో ఆరు శాఖలు కలిసి ఉత్తర భారత సంఘం ఏర్పడినది. అమెరికా మెథడిస్టుల నుండి వచ్చిన పెద్ద శాఖ చివరిక్షణంలో తప్పుకొన్నది.

ఆరు శాఖలలో ఆంగ్లికన్ శాఖ ఒకటి కనుక, 1966లో ప్రత్యేక అధ్యక్షఖండమైన ఆండమాన్ నికోబార్, దాని తొలి బిషప్పు రిచర్డ్‌సన్‌తో సహా, ఆ దినం ఐక్యసంఘంలో భాగమైనది. నంద్యాల కూడ అదే దారిన వచ్చి, 1975లో అక్కడినుండి దక్షిణ ఇండియా సంఘంలో కలిసినది. ఇరువదియెనిమిదేండ్ల ఎడబాటు నాగపూరు మీదుగా ముగిసినదని చెప్పవచ్చును.

మూస్ గ్రామంలోని సామాన్య విశ్వాసికి ఆ నవంబరు దినాన ఏమి మారినది? ఆరాధన అదే, భాష అదే, బిషప్పూ అతడే. మారినది ఒక్కటే, కాని అది చిన్నది కాదు. అంతవరకు అతనికి 'సంఘం' అనగా తన దీవి, తన గ్రామం. ఇకమీదట ముంబయిలోని ప్రెస్బిటేరియను, ఒడిశాలోని బాప్టిస్టు కూడ అతని తుహెత్‌లోనివారే. పాస్టరు మార్పుమీద వస్తే ఏ శాఖవాడని అడుగుటకు లేదు. కొబ్బరిచెట్టు మొదలుకొని పందిపిల్ల దాకా పంచుకొన్న జనానికి ఈ భావం అంత దుర్గ్రాహ్యమై ఉండదు.

పోర్ట్ బ్లెయిరులో ఐక్యతకు మరొక ఆసరా దొరికినది. అది సిద్ధాంతం కాదు, హిందీభాష. నికోబారీ, తమిళుడు, ఉరావ్, తెలుగువాడు బజారులో మాటాడుకొనునది దీవుల హిందీలోనే. ఎవరి మాతృభాషా కాని మాటలో అందరూ సమానంగా తడబడుదురు. ఒక పీఠంపై ఒక భాషవారు పెత్తనం చేయుటకు అది కొంత అడ్డుకట్ట వేసినది. ఐనను కతోలికులు వేరుగానే ఉన్నారు. 1984లో వారికి పోర్ట్ బ్లెయిరులో సొంత అధ్యక్షఖండం ఏర్పడినది. లూథరన్లు వేరు, బాప్టిస్టు పద్ధతిని వీడనివారు వేరు.

రిచర్డ్‌సన్ 1978 జూన్ 3న మరణించినాడు. ఉత్తర, దక్షిణ సంఘాలూ మార్తోమా సంఘమూ ఒక సంయుక్త సభను ఏర్పరచుకొన్నది ఆ సంవత్సరమే. 2004 డిసెంబరు 26నాటి సునామీ కార్ నికోబారు తీరగ్రామాలను, ఎల్పనాలను, ప్రార్థనామందిరాలను ఊడ్చివేసినది. బ్రతికినవారు లోపలి మెరకకు తరలినారు. బియ్యం, రేకులు, మందులు తెచ్చినవారిలో అనేక సంస్థలవారు ఉండిరి. వెనుకటికంటె ఎక్కువమంది బయటివారు ఆ దీవిని చూచినది అప్పుడే. శాఖలు నేడు అక్కడా ఒకటికి మించియున్నవి. 2011లో నికోబారు జిల్లా జనాభాలో నూటికి 70 మందికి పైగా క్రైస్తవులు. వారిలో చాలమందికి ఇప్పటికీ దేవాలయమనగా రిచర్డ్‌సన్ నిలిపినదే.

విశాఖపట్నంలో ఓడ ఎక్కి పోర్ట్ బ్లెయిరులో దిగు తెలుగు క్రైస్తవుడు దక్షిణ ఇండియా సంఘస్థుడైనచో ఉత్తర భారత సంఘపు మందిరంలో ఏ అడ్డూ లేక ప్రభువు బల్లను సమీపింపవచ్చును. అతనితోకూడ ఓడ దిగిన శ్రీకాకుళపు బాప్టిస్టు మాత్రం సామాను దింపుకొని, తనవారు కూడుకొను ఇల్లు ఎక్కడని అడుగుచు వేరొక వీధి పట్టును.