చిగురుపన్ను నుంచి సారా ప్యాకెట్ దాకా

“గిరిజనులు పుట్టు తాగుబోతులు” అనే మాట చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. సంతలో విన్నాం, బస్సులో విన్నాం, చివరకు టీచరు శిక్షణకు వెళ్లిన చోటా విన్నాం. ఈ మాటకు జవాబు చెప్పాలంటే రెండు సంగతులు తెలియాలి. ఒకటి మన చరిత్ర. రెండు, మత్తు మన ఒంట్లో చేసే పని.

మన పెద్దలు కల్లు తాగలేదని మేము చెప్పడం లేదు. జీలుగు కల్లు దేవర ముందు ధార పోశాకే మనిషి నోటికి చేరేది. పెళ్లికీ చావుకీ పండుగకీ కల్లు ఉండాల్సిందే. అయితే దానికి కాలం ఉండేది, కట్టుబాటు ఉండేది. కల్లులో సారాయి పాలు తక్కువే. పొద్దున దించింది మరునాటికి పులిసిపోతుంది కాబట్టి దాచుకుని రోజూ తాగే వీలు తక్కువ.

ఈ కల్లు మీదే రంప కొండల్లో చిగురుపన్ను వేశారు. మన్సబుదారు తన వంతు అడిగాడు. సర్కారు కొత్త ఆబ్కారీ పద్ధతి తెచ్చి, కల్లు పాటను మైదానపు కాంట్రాక్టర్లకు ఇచ్చింది. సొంత చెట్టు నుంచి ఇంటి అవసరానికి గీసుకున్నా నేరమే అయింది. పోలీసుల జులుం, అప్పులిచ్చిన వర్తకుల కోర్టు డిక్రీలు దానికి తోడయ్యాయి. 1879 మార్చిలో రంప ఫితూరీ లేచింది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య వంటివారు ముందు నిలిచారు. పోరాటం విశాఖ కొండలకూ భద్రాచలం వైపు రేకపల్లికీ పాకింది. చంద్రయ్య 1880లో చనిపోయాడు. ఫితూరీని అణచివేసినా, ఇంటి అవసరానికి కల్లు గీసుకునే హక్కును సర్కారు ఒప్పుకోక తప్పలేదు. ఆ పోరు తాగుడు కోసం కాదు, మన చెట్టు మీద మన హక్కు కోసం.

తర్వాత వచ్చింది బట్టీలో కాచిన సారా. దానిలో సారాయి పాలు వందకు ముప్పై దాకా, ఒక్కోసారి అంతకు పైన. అది పులవదు, ఎన్నాళ్లైనా నిలవ ఉంటుంది, ఏ కాలంలోనైనా దొరుకుతుంది, అప్పుకూ దొరుకుతుంది. 1980లలో సర్కారే ‘వారుణి వాహిని’ పేరుతో ప్యాకెట్లలో అమ్మించింది. చింతపండు అమ్మిన డబ్బు ఇల్లు చేరకుండా సంతలోనే అయిపోవడం మనం కళ్లారా చూశాం.

ఇక ఒంట్లో జరిగేది చూద్దాం. మెదడులో ఉద్రేకాన్ని తగ్గించే రసాయనం గాబా, పెంచేది గ్లుటమేట్. సారాయి గాబా పనిని పెంచి గ్లుటమేట్ పనిని తగ్గిస్తుంది. అందుకే మొదట హాయి, తర్వాత తూలుడు, మగత. రోజూ తాగితే మెదడు ఎదురు సర్దుబాటు చేసుకుంటుంది. గాబాకు స్పందన తగ్గిస్తుంది, గ్లుటమేట్‌కు పెంచుతుంది. కాలేయం కూడా సారాయిని వేగంగా విరగ్గొట్టడం నేర్చుకుంటుంది. నిన్న ఒక గ్లాసుకు వచ్చిన మత్తు నేడు మూడు గ్లాసులకు గాని రాదు. దీన్నే టాలరెన్స్ అంటారు. “ఎంత తాగినా తూలడు” అని మనం మెచ్చుకునే మనిషే నిజానికి ప్రమాదంలో ఉన్నాడు. మత్తుకు అలవాటు పడిన ఒంట్లో కూడా కాలేయం చెడిపోతూనే ఉంటుంది.

అలా సర్దుకున్న మెదడుకు ఒక్కసారిగా సారా ఆగితే ఉద్రేకానికి పగ్గం ఉండదు. కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర రాదు. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, మతి తప్పడం మొదలై ప్రాణమే పోవచ్చు. పొద్దున్నే వణుకు తగ్గడానికి తాగే మనిషి సరదాకు తాగడం లేదు. అది డిపెండెన్స్. దాన్ని దెయ్యమనో శాపమనో అనుకోకూడదు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు మానాలనుకుంటే ఆసుపత్రిలో డాక్టరు చూస్తుండగా మానాలి. బి1 విటమిను, తగిన మందులు అక్కడ ఇస్తారు.

ఇది ఏ కులానికో తెగకో ఉన్న గుణం కాదు, రోజూ ఘాటు సారా పోస్తే ఏ మనిషి ఒళ్లైనా ఇలాగే మారుతుంది. మరి రోజూ పోసింది ఎవరు అన్నదే చరిత్ర అడగాల్సిన ప్రశ్న.

ఎదురు తిరిగినవాళ్లూ మన చరిత్రలో ఉన్నారు. 1922 తిరుగుబాటుకు ముందే అల్లూరి సీతారామరాజు తాగుడు మానమని, తగవులు పంచాయతీలోనే తీర్చుకోమని మన్యంలో చెప్పాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటంతో 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1996 పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, అదుపు చేసే అధికారాన్ని షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభకు, పంచాయతీకి ఇచ్చింది. నాడు చెట్టు మీద హక్కు కోసం పోరాడాం. నేడు బెల్టుషాపు వద్దనే హక్కు కాగితం మీద మన చేతిలోనే ఉంది.

తోటి ఉపాధ్యాయులకు మా మనవి ఒక్కటే. 1879 పాఠం చెప్పిన రోజునే టాలరెన్స్ అంటే ఏమిటో కూడా చెప్పండి. యువకులారా, గ్రామసభ జరిగే రోజున ఊళ్లో ఉండండి. అమ్మలు, అక్కలు లేచి మాట్లాడేటప్పుడు వాళ్ల పక్కన నిలబడండి.