అద్భుతములకు సాక్ష్యము

ప్రకృతినియమమును మీఱిన కార్యము జరిగినదని నమ్మదగినవారు పలువురు చెప్పినచో మనము నమ్మవలయునా? ఈ ప్రశ్నకు ఫ్రాన్సుదేశచరిత్రమున నొక దృష్టాంతము కలదు.

1727 వ సంవత్సరమున ప్యారిస్ నగరములో ఫ్రాన్స్వా ద పారిస్ అను క్రైస్తవ సన్మార్గి మృతినొందెను. ఆయన జాన్సెనిస్టు శాఖవాడు. కఠినవ్రతములచే దేహమును కృశింపజేసికొనినవాడు. సెయింట్ మెదార్ శ్మశానములోని ఆయన సమాధికడ రోగులు స్వస్థులగుచున్నారని వార్త పుట్టెను. జనులు మూగిరి, కొందఱు ఆవేశముతో గిలగిల తన్నుకొనిరి. 1732 జనవరిలో రాజాజ్ఞచే శ్మశానము మూయబడెను. న్యాయాధికారియగు కారె ద మోంజెరాన్ సాక్షుల వాఙ్మూలములను గూర్చి, 1737 లో గ్రంథముగా ముద్రించి, పదునైదవ లూయీకి సమర్పించెను. ఆయనకు దక్కిన బహుమానము కారాగృహము!

1748 లో డేవిడ్ హ్యూము ఈ సాక్ష్యబలమును ఒప్పుకొనియు అద్భుతమును నిరాకరించెను. సాక్ష్యము అబద్ధమగుట అద్భుతముకంటెను వింతయైననే నమ్మవలయునని ఆయన సూత్రము. లాటరీలో ఏ యొక్క సంఖ్య వచ్చుటయు మిక్కిలి అరుదే యైనను పత్రికావార్తను నమ్ముచున్నాము గదాయని 1767 లో రిచర్డ్ ప్రైసు ప్రతివాదించెను. కాని లాటరీలో ఏదో యొక సంఖ్య రాక తప్పదు. అరుదగుట వేఱు, నియమవిరుద్ధమగుట వేఱు.

అట్లని సాక్షులెల్ల అసత్యవాదులా? కారు. మన నైయాయికులు ఆప్తవాక్యమును ప్రమాణముగా నంగీకరించిరి. వస్తువును సాక్షాత్తుగా నెఱిగి, ఎఱిగినట్లు చెప్పగోరువాడే ఆప్తుడని వాత్స్యాయనుని భాష్యము. ఈ లక్షణము చొప్పున "నా నొప్పి పోయినది" అను రోగి తన నొప్పివిషయమున ఆప్తుడే. "సమాధిమహిమచే పోయినది" అన్నచో నది ప్రత్యక్షము కాదు, అనుమానము. అనుమానమునకు హేతువు చూపవలయును. ఎందఱు ప్రమాణము చేసినను హేతువు పుట్టదు. 1995 సెప్టెంబరు 21 న వినాయకవిగ్రహములు పాలు త్రాగినవని దేశమెల్ల చెప్పుకొనెను. చెంచాలో పాలు తగ్గుట భక్తులు చూచినమాట నిజము. రంగు కలిపిన పాలతో పరీక్షింపగా, అవి తలతన్యతచే పైకి లాగబడి విగ్రహముమీదుగా జాఱుచున్నవని తేలెను. చూచినది సత్యము, ఊహించినది భ్రమ.

కావున విశ్వాసిని దూషింపనక్కఱలేదు, పరీక్షను మానరాదు. ప్యారిస్ ప్రభుత్వము శ్మశానమునకు తాళము వేసినది గాని మోంజెరానునకు ప్రత్యుత్తరము చెప్పలేదు. ఆయనకు బదులు చెప్పవలసినది చెఱసాల కాదు, విచారణ. గుంపుయొక్క కేకయు రాజుయొక్క తాళమును, రెండును ప్రమాణములు కావని మేము తలచెదము.