పేరు అచ్చుకాని కథకుడు: దాసరి సుబ్రహ్మణ్యం, చందమామ సీరియళ్ళు

1950ల నుంచి 1980 దాకా తెలుగుదేశంలో చదువు నేర్చిన పిల్లల్లో ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మంత్రగాళ్ళ పేర్లు వినని వాళ్ళు తక్కువ. శిఖిముఖి, విక్రమకేసరి, ఖడ్గవర్మ, జీవదత్తుడు ఇంట్లో మనుషులంత దగ్గర. ఇంతమందిని పుట్టించిన రచయిత పేరు మాత్రం ఆ పిల్లలకు తెలియదు. చందమామ సీరియల్ మీద రచయిత పేరు వేసేది కాదు. దాసరి సుబ్రహ్మణ్యం పన్నెండు సీరియళ్ళు అలా పేరు లేకుండానే రాశారు. పాఠకుల్లో చాలామంది నడివయసుకు వచ్చాక గానీ ఆ పేరు వినలేదు.

ఆయన 1932లో గుంటూరు జిల్లాలో పుట్టారు. 1952లో, ఇరవై ఏళ్ళ వయసులో, మద్రాసు వెళ్ళి చందమామలో చేరారు. అప్పటికి పత్రికకు అయిదేళ్ళు. బి. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో తెలుగు, తమిళ భాషల్లో మొదలుపెట్టిన ఆ మాసపత్రిక అప్పటికే మరికొన్ని భాషలకు పాకుతోంది. అదే 1952లో కొడవటిగంటి కుటుంబరావు సంపాదక బాధ్యత తీసుకున్నారు. ఆయన 1980 ఆగస్టులో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. సంపాదకుడూ సీరియల్ రచయితా ఒకే సంవత్సరం వచ్చి, ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే కప్పు కింద పనిచేయడం తెలుగు పిల్లల సాహిత్యానికి కలిసొచ్చిన అదృష్టం.

సుబ్రహ్మణ్యం చేతికి అందిన ముడిసరుకు కొత్తదేమీ కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథలను జనం అప్పటికే ఇంటింటా చదివారు. రాజకుమారులు, మాంత్రికులు, మాయమందిరాలు, ఏడు సముద్రాల అవతలి దీవులు తెలుగువాళ్ళకు చిరపరిచితాలు. 1951లో వచ్చిన పాతాళభైరవి ఆ లోకాన్ని తెరకెక్కించింది. ఆ సినిమా తీసిన విజయా సంస్థ యజమానులే చందమామ యజమానులు కూడా. ఆ సినిమాలో నేపాళ మాంత్రికుణ్ణి చూసి జనం వెర్రెత్తిపోయిన మూడేళ్ళకు, 1954లో, చందమామలో 'తోకచుక్క' మొదలైంది. ఈ రెంటికీ సంబంధం లేదని నేను అనుకోను. జానపదానికి జనంలో ఎంత ఆకలి ఉందో ఆ కార్యాలయంలో అందరికంటే ముందు తెలిసి ఉంటుంది.

అయితే 'తోకచుక్క' కాశీమజిలీ కథలకు నకలు కాదు. కాశీమజిలీల్లో మణిసిద్ధుడు చెప్పే కథల్లో కథలోంచి కథ పుడుతుంది, వినేవాడు మధ్యలో లేచి వెళ్ళినా మరుసటి మజిలీలో అందుకోవచ్చు. సుబ్రహ్మణ్యం ఆ పద్ధతి వదిలేశారు. ఆయన కథ ఒకటే దారిలో ముందుకు పరుగెత్తుతుంది. ఆకాశంలో తోకచుక్క కనబడుతుంది, కుండలినీ ద్వీపపు సేనాని సమరసేనుడు ఓడలెక్కుతాడు, తెలియని దీవి మీద పగబట్టిన ఇద్దరు మంత్రగాళ్ళ మధ్య చిక్కుకుంటాడు. సముద్రయానం, అగ్నిపర్వతం, దారి తెలియని అడవి ఇంగ్లీషు సాహస నవలల్లో కూడా కనిపించే సరుకే. దాన్ని మన మంత్రదండాలతో, మన పేర్లతో కలిపి, ఎక్కడా అతుకు కనపడకుండా కుట్టిన నేర్పు ఆయనది. ఆ తరవాత 'మకరదేవత' వచ్చింది.

నెలకొక భాగం. మొదట్లో బ్రాకెట్లలో జరిగిన కథ నాలుగు ముక్కల్లో, చివర్లో 'ఇంకా వుంది'. ఈ రెంటి మధ్య ఉన్న కొద్ది పేజీల్లోనే రచయిత చేయాల్సిందంతా చేయాలి. పోయిన నెల వదిలిపెట్టిన ప్రమాదం నుంచి వీరుణ్ణి బయటపడేయాలి, కొత్త చోటికి తీసుకుపోవాలి, మళ్ళీ ఒక అంచు మీద నిలబెట్టాలి. పన్నెండేళ్ళ పిల్లవాడు ముప్పై రోజులు ఆగాలంటే ఆ అంచు నిజంగా భయపెట్టాలి, మోసం చేయకూడదు. సుబ్రహ్మణ్యం ఈ విషయంలో చాలా నిజాయితీపరుడు. పోయిన నెల చావు అంచున ఉన్నవాడు ఈ నెల కల నుంచి మేలుకోవడం లాంటి చవకబారు పనులు ఆయన సాధారణంగా చేయరు. తప్పించుకునే దారి తెలివిలోనో, స్నేహితుడి రాకలోనో, శత్రువు చేసిన పొరపాటులోనో ఉంటుంది.

ఆ పేజీల్లో సగం బలం చిత్రది. టి. వి. రాఘవన్ అనే ఆయన 'చిత్ర' అన్న సంతకంతో చందమామకు మొదటి నుంచీ బొమ్మలు వేశారు. రాక్షసుడి కోర, శిథిలమైన గోపురం, పడవ మీద విరుచుకుపడే అల, ఇవన్నీ మన కళ్ళలో ఆయన గీసిన రూపంలోనే ఉండిపోయాయి. బొమ్మ మీద చిత్రకారుడి సంతకం ఉండేది, కథ కింద రచయిత సంతకం ఉండేది కాదు. ఈ తేడా నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది.

'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం' వరసగా వచ్చాయి. 1961లో మొదలైన 'రాకాసిలోయ' దాదాపు మూడేళ్ళు నడిచింది. నా లెక్కలో ఆయన చేయి పూర్తిగా తిరిగింది ఇక్కడే. ఇందులో కేశవుడు రాజకుమారుడు కాదు, సామాన్యుడు. అతనికి జయమల్లుడు తోడు. అంతకుముందు కథల్లో ఒంటరిగా తిరిగిన వీరుడికి ఇక్కణ్ణుంచి జత దొరికింది. 'పాతాళదుర్గం'లో ధూమకుడు, సోమకుడు. 'శిథిలాలయం'లో శిఖిముఖి, విక్రమకేసరి. 'యక్షపర్వతం'లో ఖడ్గవర్మ, జీవదత్తుడు. 'మాయాసరోవరం'లో జయశీలుడు, సిద్ధసాధకుడు. ఇద్దరుంటే మాటలుంటాయి. ఒకడు తొందరపడితే ఇంకొకడు ఆపుతాడు, ఒకడు కత్తి దూస్తే ఇంకొకడు ఆలోచిస్తాడు. భయం గురించి వీరుడు తనలో తాను అనుకోనక్కరలేదు, పక్కవాడితో చెప్పుకోవచ్చు. సుబ్రహ్మణ్యం సంభాషణల్లో హాస్యం ఈ జంటల వల్లనే పుట్టింది.

శిఖిముఖి సవర యువకుడు, విక్రమకేసరి క్షత్రియుడు. ఈ ఇద్దరి స్నేహంలో ఎక్కువ తక్కువలు లేవు, అడవిలో దారి తెలిసినవాడు ముందు నడుస్తాడు. 1968లో మొదలైన పిల్లల సీరియల్‌లో ఈ మాత్రం సమానత్వం, అదీ ఉపన్యాసం లేకుండా రావడం, చిన్న విషయం కాదు. అలాగని ఆ కథలన్నీ ఈ చూపుతోనే ఉన్నాయని అనలేం. అడవి తెగలను కొన్నిచోట్ల నరబలుల భయం కోసమే వాడుకున్నారు. ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. రాకుమార్తెలు ఎక్కువగా అపహరణకు గురై, వెతికి తెచ్చేదాకా కథ బయటే ఉంటారు. ఆ సీరియళ్ళను ప్రాణంగా చదివిన ఆడపిల్లలు లక్షల్లో ఉన్నారు. వాళ్ళకు తమలాంటి సాహసి ఒక్కతె కూడా ఆ పేజీల్లో దొరకకపోవడం ఆయన రాతలో నాకు కనిపించే పెద్ద లోటు.

1964లో 'రాకాసిలోయ' ముగిశాక ఆయన సీరియల్ వెంటనే మొదలుకాలేదు. బంకించంద్రుడి 'దుర్గేశనందిని' పిల్లల కోసం తిరగరాసి వేశారు. చక్రపాణికి ఈ మాంత్రికుల కథల మీద పెద్ద ఇష్టం ఉండేది కాదని, అవి ఆపేసరికి పాఠకులు తగ్గడంతో మళ్ళీ వాటికే రావలసి వచ్చిందని చందమామ వాళ్ళను ఎరిగినవారు చెప్పుకుంటారు. 1966లో 'పాతాళదుర్గం' వచ్చిందన్నది మాత్రం పత్రిక సంచికల్లో కనిపించే సంగతి. అక్కడి నుంచి 'శిథిలాలయం', 'రాతిరథం', 'యక్షపర్వతం' దాదాపు ఎడం లేకుండా నడిచాయి. చక్రపాణి 1975లో చనిపోయారు. 1976లో 'మాయాసరోవరం', 1978లో 'భల్లూక మాంత్రికుడు' వచ్చాయి. ఆ తరవాత కొత్త సీరియల్ రాలేదు.

ఇవి తెలుగులో పుట్టినా తెలుగులోనే ఆగలేదు. చందమామ ఎన్ని భాషల్లో వచ్చిందో దాసరి కథలూ అన్ని భాషలకూ వెళ్ళాయి. 'రాకాసిలోయ' హిందీలో 'భయంకర్ ఘాటీ' అయింది. ఉత్తరాదిన ఈనాటికీ ఆ పేరు తలుచుకునే పెద్దవాళ్ళున్నారు. అనువాదం ఇంత తేలికగా సాగడానికి భాష ఒక కారణం. పాఠ్యపుస్తకాల్లో గ్రాంథిక వాసన ఇంకా పోని రోజుల్లో కుటుంబరావు చందమామ వచనాన్ని నిరాడంబరంగా తీర్చారు. పొట్టి వాక్యం, తెలిసిన మాట, వర్ణన తక్కువ, క్రియ ఎక్కువ. సుబ్రహ్మణ్యం సీరియళ్ళు ఆ వచనానికి దొరికిన పెద్ద పరీక్ష. కోటలు, కొండలు, మాయలు వర్ణించాల్సి వచ్చినప్పుడు సమాసాలు కుప్పపోయాలని ఎవరికైనా చేయి దురద పుడుతుంది. ఆయన ఆ పని బొమ్మకు వదిలేసి కథ నడిపారు. బడిలో తెలుగు వాచకం చూసి పారిపోయిన పిల్లలు ఇంటికొచ్చి ఈ పేజీలు గడగడా చదివేశారంటే ఆ పొదుపు వల్లనే.

పేరు వేయకపోవడానికి పత్రిక వైపు నుంచి కారణం లేకపోలేదు. పిల్లలకు పత్రిక మొత్తం ఒకే గొంతుతో, ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పినట్టు వినపడాలన్నది ఆ పద్ధతి. కుటుంబరావు రాసిన వందల కథలకు కూడా ఆయన పేరు లేదు. కానీ కుటుంబరావుకు బయట నవలలు, కథలు, వ్యాసాలు ఉన్నాయి, సాహిత్య చరిత్రలో చోటు ఉంది. సుబ్రహ్మణ్యం బయట రాసింది తక్కువ, 'బొమ్మరిల్లు' పత్రిక కోసం రాసిన 'మృత్యులోయ' లాంటివి. ఆయన బతుకంతా చందమామే. అంచేత ఒకరికి నియమంగా మిగిలిపోయిన పద్ధతి మరొకరికి అజ్ఞాతవాసమైంది. తెలుగు నవల గురించి రాసిన పెద్ద పుస్తకాల్లో ఆయన పేరు వెతికితే దొరకదు. పెద్దల కోసం ఒక్క నవల రాసినవాళ్ళకు అక్కడ పేరాలున్నాయి.

కుటుంబరావు పోయాక పత్రిక మారింది. సుబ్రహ్మణ్యం మాత్రం 2006 దాకా ఆ ఉద్యోగంలోనే ఉన్నారు. అంటే యాభై నాలుగేళ్ళు. పాత సీరియళ్ళు మళ్ళీ వేసినప్పుడు కొత్త తరం చదివింది. 1998లో పత్రిక మూతపడి మరుసటి ఏడాది చివర తెరుచుకుంది, 2007లో చేతులు మారింది, ఆ తరవాత కొన్నేళ్ళకు పూర్తిగా ఆగిపోయింది. ఆయన 2010 జనవరిలో కన్నుమూశారు.

ఆయన గురించి గట్టిగా మాట్లాడటం మొదలైంది ఆ చివరి ఏళ్ళలోనే. చిన్నప్పుడు చదివి, పెద్దయ్యాక ఇంజినీర్లూ డాక్టర్లూ అయినవాళ్ళు, అమెరికాలో స్థిరపడినవాళ్ళు, ఈ కథలు ఎవరు రాశారని వెతకడం మొదలుపెట్టారు. వాహిని బుక్ ట్రస్టు ఆ సీరియళ్ళను పుస్తకాలుగా తెచ్చింది. 'తోకచుక్క' రాసింది ఎవరో అట్ట మీదే తెలుస్తోంది ఇప్పుడు.

మిగిలిపోయింది చిన్న కథల సంగతి. యాభై ఏళ్ళు సంపాదక వర్గంలో ఉన్న మనిషి సీరియళ్ళు ఒక్కటే రాసి ఊరుకోడు. చందమామలో సంతకం లేని కథలు వేలున్నాయి, వాటిలో ఆయనవి ఏవో ఆ పేజీలు చెప్పవు. కార్యాలయంలో ఎవరు ఏది రాశారో ఎరిగిన తరం దాదాపు వెళ్ళిపోయింది. పాత సంచికలు మాత్రం ఇంకా దొరుకుతున్నాయి. వాక్యం నడకను బట్టి, సంభాషణ తీరును బట్టి వాటిని విడదీసే పనికి ఏ విశ్వవిద్యాలయపు తెలుగు శాఖ అయినా ఒక పరిశోధకుణ్ణి కూర్చోబెట్టవచ్చు. ప్రబంధాల కర్తృత్వం మీద మనవాళ్ళు ఎన్నో తరాలు వాదించుకున్నారు. ఆ ఓపికలో కొంత ఈ కథలకూ ఇవ్వాలి, ఆలస్యం చేయకుండా.