నోటి క్యాన్సర్ చికిత్సలో తోబుట్టువుకి తోడుగా

ఇండియాలో ఉన్న అన్నకో, తమ్ముడికో, చెల్లెలికో నోటి క్యాన్సర్ అని ఫోన్ వస్తే మనలో చాలామంది ముందుగా చేసే పని టికెట్టు కొనడం. ఆపరేషన్ తేదీకి చేరుకుని, రెండు వారాలు ఉండి తిరిగి వచ్చేస్తాం. నా అభిప్రాయం వేరు. ఉన్న సెలవు కొంచెమే అయితే దాన్ని రేడియేషన్ చివరి వారాలకి దాచుకోండి. మా తమ్ముడికి నాలుక పక్కన క్యాన్సర్ వచ్చినప్పుడు నేను న్యూజెర్సీ నుంచి వెళ్ళి ఐదు వారాలు దగ్గరున్నాను. అప్పుడు చూసినవి, డాక్టర్లని అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మీ డాక్టరు చెప్పేదానికి ఇది బదులు కాదు.

ముందు సెలవు సంగతి. అమెరికాలో 1993 నాటి ఎఫ్ఎంఎల్ఏ చట్టం కింద వచ్చే 12 వారాల జీతం లేని సెలవు భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రుల కోసం ఉద్దేశించినది. తోబుట్టువులు మామూలుగా అందులోకి రారు. అయితే రాష్ట్రాల చట్టాలు కొంత నయం. న్యూజెర్సీలో 2019లో, కాలిఫోర్నియా ఉద్యోగ రక్షణ చట్టంలో 2021లో, న్యూయార్క్‌లో 2023లో తోబుట్టువులని కూడా చేర్చారు. మీ రాష్ట్రం నిబంధన చదువుకుని తర్వాత హెచ్.ఆర్. దగ్గరకి వెళ్ళండి.

ఆపరేషన్‌కి ముందు దూరం నుంచి చేయగలిగిన మంచి పని ఒకటుంది. బయాప్సీ స్లైడ్లు, పారఫిన్ బ్లాకులు, స్కాన్ల సీడీలు ఆసుపత్రి నుంచి అడిగి తీసుకోమని చెప్పండి. కాగితం మీది రిపోర్టు ఒక్కటే సరిపోదు. రెండో అభిప్రాయం చెప్పే డాక్టరు స్లైడు తానే చూడాలంటారు. హైదరాబాదులో ఎం.ఎన్.జె., బసవతారకం, విశాఖలో టాటా మెమోరియల్ వారి హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి, ముంబైలో టాటా మెమోరియల్ ఈ జబ్బుకి బాగా అలవాటు పడిన చోట్లు.

మా ఇంట్లో అందరూ అడిగిన ప్రశ్న: "మెడలో గడ్డేమీ లేదుగా, మెడ ఎందుకు కోయడం?" దీనికి జవాబు టాటా మెమోరియల్ నుంచే వచ్చింది. డాక్టర్ అనిల్ డిక్రూజ్ బృందం 2015లో ప్రచురించిన అధ్యయనంలో, తొలి దశ నోటి క్యాన్సర్‌కి మెడలోని లింఫ్ గ్రంథులు ముందే తీసేసినవారిలో 80 శాతం మంది మూడేళ్ళకి బతికి ఉన్నారు. గడ్డ కనిపించాక తీద్దామని ఆగినవారిలో అది 67.5 శాతమే. మా తమ్ముడికి కూడా చేతికి ఏమీ తగలలేదు. కానీ తీసిన గ్రంథుల్లో రెండింట క్యాన్సర్ కనిపించింది, ఒకదానిలో గ్రంథి పైపొర దాటి బయటికి వచ్చింది. అలా దాటితే రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో కూడా ఇస్తారు.

ఆపరేషన్ తర్వాత మొదటి వారం చూడడానికి భయంగా ఉంటుంది. ముంజేతి నుంచి తీసిన కండతో నాలుక సరిచేశారు, గొంతుకి కొన్నాళ్ళు శ్వాస గొట్టం, ముక్కులోంచి ఆహారానికి మరో గొట్టం. కానీ అప్పుడు చుట్టూ నర్సులుంటారు, బంధువులుంటారు. మాట రాదు కాబట్టి ఒక పలక, బలపం కొనిపెట్టండి. ఫోనులో టైపు చేయడం కన్నా అదే తేలిక అన్నాడు మా వాడు, అదీ పలక మీదే రాసి.

రేడియేషన్ మొదలవ్వక ముందే దంతవైద్యుడికి చూపించాలి. తీయాల్సిన పళ్ళుంటే అప్పుడే తీయించి, పుండు మానడానికి రెండు వారాలైనా ఇవ్వాలి. రేడియేషన్ తర్వాత పన్ను పీకితే దవడ ఎముక మానకుండా కుళ్ళే ప్రమాదం ఉంది.

ఇక అసలు కష్టం. రేడియేషన్ మామూలుగా వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. మొదటి రెండు వారాలు ఏమీ కానట్టే ఉంటుంది. "ఇంతేనా" అనుకుని చుట్టాలు ఊళ్ళకి వెళ్ళిపోతారు. మూడో వారం నుంచి నోరంతా పుండ్లు పడుతుంది. చివరి రోజు తర్వాత కూడా ఒకటి రెండు వారాలు పెరిగి, ఆ తర్వాతే తగ్గుముఖం పడుతుంది. అంటే చికిత్స అయిపోయిందని అందరూ స్వీట్లు పంచే రోజున రోగి పరిస్థితి అన్నిటికన్నా అధ్వాన్నం. నేను నాలుగో వారంలో దిగాను. మా మరదలు అప్పటికి రాత్రులు నిద్ర లేక సగమైపోయింది.

అప్పుడు చేసే పనులు చిన్నవే. లీటరు గోరువెచ్చని నీళ్ళలో టీ చెంచాడు ఉప్పు, టీ చెంచాడు వంటసోడా కలిపి రెండు మూడు గంటలకొకసారి పుక్కిలించాలి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వద్దు. కారం, చింతపండు, నిమ్మ, టమాటా అన్నీ మంటే, చారు కూడా తాగలేరు. మాకు పనికొచ్చినవి నెయ్యి వేసిన కందికట్టు, చల్లారిన రాగిజావ, మిక్సీలో వేసి మజ్జిగతో పలచన చేసిన పెరుగన్నం, మెత్తగా గిలకొట్టి ఉడికించిన గుడ్డు. కీమో వారంలో తాలింపు వాసనకే వాంతి వచ్చేది, అందుకని వంట పక్కింట్లో చేసేవాళ్ళం. ఒకే వేయింగ్ మెషీన్ మీద వారం వారం బరువు చూసి రాసుకోండి. తగ్గుతుంటే గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడానికి ఒప్పుకోండి, అది ఓటమి కాదు. గొట్టం ఉన్నా, డాక్టరు సరేనంటే రోజూ కొన్ని గుటకలు నోటితో మింగించాలి. లేకపోతే మింగే కండరాలు బిగుసుకుంటాయి.

నొప్పికి మార్ఫిన్ రాస్తే పెద్దవాళ్ళు "అలవాటైపోతుంది" అని మాత్రలు దాచేస్తారు. నొప్పి తగ్గకపోతే తిండి ఆగుతుంది, తిండి ఆగితే రేడియేషన్ ఆగుతుంది. మధ్యలో రోజులు పోతే చికిత్స బలం తగ్గుతుందని డాక్టర్లు గట్టిగా చెప్పారు. సంక్రాంతికి ఊరెళ్ళొద్దామన్నవాళ్ళకి నేనే అడ్డం పడ్డాను.

ఇంకో మాట. పొగాకు లేని ఉత్త వక్కపొడి మంచిదేనని మా వాడు ఏళ్ళ తరబడి నమిలాడు. వక్క కూడా క్యాన్సర్ కలిగించేదేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. మన అసోసియేషన్ విందుల్లో భోజనం తర్వాత వక్కపొడి పళ్ళెం ఎందుకు పెడుతున్నామో నాకు అర్థం కాదు.

చికిత్స ముగిశాక పట్టించుకోవలసినవి దవడ, భుజం, థైరాయిడ్. నోరు తెరుచుకోవడం తగ్గిపోతుంది. ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య పెట్టి, రోజుకి కొన్నిసార్లు వ్యాయామం చేయించాలి. మెడ ఆపరేషన్ వల్ల చెయ్యి పైకెత్తడం కష్టమైతే ఫిజియోథెరపీ కావాలి. మెడకి రేడియేషన్ తగిలినవారికి ఆరు నెలలకో ఏడాదికో టి.ఎస్.హెచ్. పరీక్ష అవసరం. నీరసం అంతా క్యాన్సర్ వల్లే అనుకుని దీన్ని వదిలేస్తుంటారు. జబ్బు తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే, అందుకే ఆ రోజుల్లో డాక్టరు దగ్గరకి తరచు వెళ్ళాలి. ఆ తేదీలన్నీ నా ఫోను క్యాలెండరులో ఉన్నాయి. ముందు రోజు రాత్రి నేను గుర్తు చేస్తాను, మరదలు వెంటబెట్టుకుని వెళుతుంది, ఆ రోజు రిపోర్టు ఫోటో నాకు వస్తుంది.